చేతికివ్వని మిరపకాయలు

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. చిన్నప్పుడు అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. పెళ్లయ్యాక మా ఆయన అదే మాటను కాస్త మర్యాదగా, 'ఒక్క నిమిషం కూర్చోవే తల్లీ' అని మార్చుకున్నారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఈ గుణం పెద్దగా బయటపడలేదు. ఒక మీటింగ్‌లోంచి లేచి ఇంకో మీటింగ్‌లోకి పరిగెత్తే మనిషిని ఆఫీసులో చురుకైనది అంటారు గానీ తిక్కది అనరు. మార్చిలో మా టీమ్ మొత్తాన్ని ఒకే కాల్‌లోకి పిలిచి, చల్లగా ఓ మాట చెప్పి, సాయంత్రానికల్లా లాప్‌టాప్‌లు లాక్ చేసేశారు. ఆ మర్నాటి నుంచి ఆ గుణమే నాకు రోగమైంది.

మా ఆయనది వర్క్ ఫ్రమ్ హోమ్. ఆయన గది ముందు నుంచి అటూ ఇటూ తిరుగుతున్నానని, కప్‌బోర్డులు సర్ది, విప్పి, మళ్లీ సర్దుతున్నానని, గరాజ్‌లోకి వెళ్లి ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తున్నానని ఆయన ఫిర్యాదు. కాల్‌లో అవతలివాళ్లు 'మీ ఇంట్లో ఎవరైనా ఎక్సర్‌సైజ్ చేస్తున్నారా' అని అడిగారట. అది చెప్పి ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. అప్లికేషన్లు పెడుతూనే ఉన్నాను. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఇంటర్వ్యూలు ఎలా జరుగుతాయో నన్నడక్కండి, కోపమొస్తుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ముందే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది.

ఏప్రిల్‌లో ఓ ఈమెయిల్ వచ్చింది. ఎప్పుడో పేరు రాయించి మరిచిపోయిన కమ్యూనిటీ గార్డెన్‌లో మడి ఒకటి ఖాళీ అయిందట, కావాలా అని. మేముండే క్యారీ ఊళ్లో మా ఇంటి వెనకంతా పైన్ చెట్ల నీడ, కొత్తిమీర కూడా సరిగ్గా లేవదు. పరిగెత్తుకెళ్లి గేటు తాళం తెచ్చుకున్నాను. జింకలు దూకకుండా ఎత్తైన కంచె, లోపల వరసగా మళ్లు, మడికీ మడికీ మధ్య మనిషి ఒక్కడు నడిచేంత దారి. దాన్ని అక్కడివాళ్లు పాత్ అంటారు. నేను గట్టు అనే అంటాను. అంతా ఎర్రమట్టి. వాన పడితే బూటు అడుగున ఇంకో బూటు తయారవుతుంది, ఎండ కాస్తే గునపం దిగదు.

గట్టు ఉన్నచోట తగాదా తప్పదని మా తాతగారు అంటుండేవారు. ఆయన సగం జీవితం గట్ల కోసం కోర్టుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. అందుకని నేను ముందే గట్టిగా అనుకున్నాను, పక్క మడివాళ్లతో మాట రాకూడదని. ఎడమ పక్కవాళ్లు మేలో ఒకసారి కనిపించి మళ్లీ రాలేదు, వాళ్లతో మాట వచ్చే అవకాశమే లేదు. కుడి పక్కన పెద్దాయన ఉండేవారు.

పెద్దాయన నల్లజాతి మనిషి, డెబ్బై దాటినవారు. ఈ చుట్టుపక్కల పొలాల్లోనే పుట్టి పెరిగి, స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. భార్య పోయిందని, పిల్లలు దూరంగా ఉంటారని ఒకే ఒకసారి చెప్పారు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే, అదీ ఈ దేశపు దక్షిణాది యాసలో, తీరిగ్గా. నాకు మాత్రం ఆ మాటలు తెలుగులోనే గుర్తుండిపోయాయి. ఇక్కడ అలాగే రాస్తున్నాను.

మొదటి తగాదా తోటకూర దగ్గర వచ్చింది. నేను నాలుగు రోజులు ఊళ్లో లేను. తిరిగొచ్చేసరికి తోటకూర చల్లిన చోటు శుభ్రంగా, నున్నగా ఉంది. పెద్దాయన ఎంతో సంతోషంగా ఎదురొచ్చి, మీ మడంతా కలుపు పట్టేసింది, నేనే పీకేశాను అన్నారు. ఇక్కడి పొలాల్లో తోటకూరకి చుట్టమైన కలుపు మొక్క ఒకటి రైతుకి పగవాడితో సమానం. అది కనిపిస్తే పీకకుండా ఉండటం రైతు బిడ్డకి సాధ్యం కాదట. నేను ఆ ముక్క వినేలోపే అరవాల్సినంతా అరిచేశాను. ఆయన టోపీ చేత్తో పట్టుకుని మొత్తం విన్నారు. విని, "అయితే దాన్ని తింటారా?" అని అడిగారు.

మర్నాడు ఇండియన్ స్టోర్‌లో కట్ట తోటకూర కొని, పులుసుకూర చేసి, డబ్బాలో పట్టుకెళ్లాను. కోపం చల్లారాక నాకు వంట మీదికి పోవడం అలవాటు. ఆయన గట్టు మీద కూర్చుని గిన్నె నాకినంత పని చేశారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. వాళ్ల నాయనమ్మ గట్ల వెంట ఏరిన ఆకులు ఇలాగే వండేదట. ఆ రోజు నుంచి నన్ను 'నెయిబర్' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నా చెవికి నువ్వు అన్నట్టు ఉండేది.

గట్టు మీద ఆయన రెండు సిమెంటు దిమ్మెలు పెట్టి, వాటి మీద ఓ పాత చెక్క వేసి, బెంచీ చేశారు. పొద్దున్నే ఎండ ముదరకముందు ఆయన థెర్మాస్‌లో కాఫీ తెచ్చుకునేవారు, నేను నాది తెచ్చుకునేదాన్ని. మొదట్లో నేను నిలబడే తాగేదాన్ని, మధ్యలో లేచి ఓ బెండకాయ కోసి, మధ్యలో నీళ్ల ట్యూబు సర్ది, మధ్యలో ఫోన్ చూసుకుని. ఆయన కొన్నాళ్లు చూసి, "నీలాంటి పిల్లల్ని నా బస్సులో ముందు సీట్లో, నా వెనకాలే కూర్చోబెట్టేవాణ్ణి" అన్నారు. చెక్క మీద చేత్తో తట్టి, ముందు సీటు ఇదే అన్నారు. కూర్చున్నాను. రోజు మొత్తంలో నా కాలు నిలిచిన చోటు అదొక్కటే. ఇంట్లో, కారులో, ఇంటర్వ్యూ కాల్స్‌లో, గుళ్లో కూడా దొరకనిది అక్కడ దొరికేది. నాకు ఆ బెంచీ ఎంత అవసరమో అప్పుడు నాకే తెలియదు.

మాట్లాడుకునేది అంతా చిన్న విషయాలే. ఆయన బెండకాయలు పిండిలో ముంచి వేయించుకుంటారు, నేను పల్లీలు, ఎండుకొబ్బరి వేసి వేపుడు చేస్తాను. ఆయన నాటిన బఠాణీ అనేది తీరా చూస్తే మన అలసంద. ఒకరోజు పొగాకు మాట వచ్చింది. ఆయన చిన్నప్పుడు కుటుంబమంతా పొగాకు పనికి వెళ్లేదట. పెద్దవాళ్లు కర్రలకి ఆకు కడుతుంటే పిల్లలు ఆకులు అందించాలి, ఆ జిగురు చేతులకి అంటుకుంటే రెండు రోజుల దాకా వదలదు. నాకు ప్రాణం లేచొచ్చింది. మాదీ పొగాకు ఊరే, మా ఊళ్లోనూ పొగాకు ఎండబెట్టే పెద్ద గదులు, బ్యారన్లుండేవి, ఆకు కాలుస్తుంటే ఆ వాసన మా బడి దాకా వచ్చేది అని గబగబా చెప్పేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మీవాళ్లూ ఆకు కట్టారా?" అని అడిగారు. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ వాసన గురించే ఇంకేదో చెప్పాను. ట్యూబులో నీళ్లు పొర్లుతున్నాయని లేచి వెళ్లాను.

మిరపనారు నాటినప్పటి నుంచి ఆయన ఆ కాయల మీద కన్నేశారు. గుంటూరు రకం, ఓ స్నేహితురాలు గింజలు తెచ్చిచ్చింది. ఇక్కడివాళ్లు ఆకుకూర ఉడకబెట్టి దాని మీద మిరపకాయలు ఊరేసిన వెనిగర్ చల్లుకుంటారు. ఈ కాయలతో ఆ వెనిగర్ పెడితే ఎలా ఉంటుందో చూడాలని ఆయన ఆశ. జులై అంతా పండాయా, పండాయా అని అడిగారు. ఆగస్టులో ఒక పొద్దున మొదటి కోత కోశాను. గుప్పెడు ఎర్రటి కాయలు. ఆయన బెంచీ మీంచి లేచి, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, చాపారు.

మా ఇంట్లో ఉప్పు, మిరపకాయలు చేతికివ్వరు. ఇస్తే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ పోట్లాటొస్తుందని మా నాయనమ్మ అనేది. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. మా అమ్మ నాకు అలాగే ఇచ్చింది, నేను మా ఆయనకి, మా అమ్మాయికి అలాగే ఇస్తాను. ఇది ఆలోచించి చేసే పని కాదు. తలుపు తీసి లోపలికొస్తూ చెప్పులు వదిలినట్టు చేసేది. నా చెయ్యి ఆయన చెయ్యి దాకా వెళ్లి, పక్కకి తిరిగి, కాయల్ని చెక్క మీద పెట్టింది. అదే ఊపులో నేను బీరపాదు గురించి ఏదో మాట్లాడుతూనే ఉన్నాను. తలెత్తేసరికి ఆయన చెయ్యి ఇంకా చాపి ఉంది. ఆయన దాన్ని మెల్లగా మూసి, కిందికి దించారు. "అక్కడే ఉండనివ్వండి, మేమ్" అన్నారు. "తర్వాత చూస్తాను."

నెయిబర్ పోయి, పరాయి ఆడవాళ్లని పిలిచే మేమ్ వచ్చింది. నువ్వు పోయి మీరు అయ్యాను. అది నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి ఆయన వచ్చి వెళ్లిపోయారు, మట్టి తడిగా ఉంది. మిరపకాయలు చెక్క మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మరిచిపోయారనుకున్నాను. ఆ వారమంతా అలాగే నడిచింది. ఒకరోజు ముందుగా వెళ్తే కనిపించారు. గుడ్ మార్నింగ్ మేమ్ అని, టోపీ కాస్త ఎత్తి, తన పనిలో తలదించుకున్నారు. కాఫీ తీసి బెంచీ మీద కూర్చున్నాను. ఆయన రాలేదు. కాయలు ఎండకి ముడుచుకుపోయాయి. వాటిని తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు. అవి అక్కడుంటే ఎప్పటికైనా తీసుకుంటారని ఓ పిచ్చి ఆశ.

ఇక నా సంగతి చెప్పాలా. ఇంట్లో మళ్లీ కప్‌బోర్డులు మొదలయ్యాయి. నేనేం చేశాను? నీళ్ల ట్యూబు ఎక్కువసేపు వాడుకున్నానా? దాన్ని చుట్టి ఆయన మడి వైపు పెట్టి వచ్చాను. నా పుదీనా గట్టు దాటి అటు పాకిందా? పుదీనా మొత్తం పీకేశాను. ఆయనలో మార్పు లేదు. చివరికి నా అనుమానం బీరపందిరి మీద పడింది. వెదురు కర్రలతో గట్టు పక్కనే ఎత్తుగా వేశాను, మధ్యాహ్నం దాటాక దాని నీడ ఆయన మడిలో పడుతుంది. అదే అయ్యుంటుంది. మనిషి మర్యాదస్థుడు, పైకి చెప్పుకోలేక ఇలా ముభావంగా ఉన్నారు అనుకున్నాను. ఒక సాయంత్రం పట్టుకెళ్లిన కత్తెరతో పూతా పిందెలతో ఉన్న పాదుని మొదలంటా కోసి, పందిరి విప్పేశాను. కోస్తున్నంతసేపూ ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ఎక్కువ కోపమొచ్చింది, ఆయన మీద.

మా ఆయన అదంతా విని, ఈ దేశంలో ఎవరి పని వాళ్లది, మాట్లాడితే మాట్లాడు, లేకపోతే లేదు, దానికింత ఎందుకు అన్నారు. ఆయనకి బెంచీ గురించి తెలియదు. నేనూ చెప్పలేదు. యాభై ఎనిమిదేళ్లొచ్చి, ఓ చెక్క మీద కూర్చోనివ్వడం లేదని బాధపడుతున్నానని ఎలా చెప్పను.

సెప్టెంబరు మొదట్లో లాంగ్ వీకెండ్‌కి మా అమ్మాయి షార్లెట్ నుంచి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు వస్తుంది గానీ దాని మాటలు సగం ఇంగ్లీషు మీద నడుస్తాయి. వచ్చినప్పటి నుంచి దానికి పెద్దాయన ముభావం సంగతే చెబుతున్నాను. పప్పుకి తాలింపు తను పెడతానంది. ఎండుమిరపకాయలు ఇవ్వమంటే డబ్బాలోంచి రెండు తీసి స్టవ్ పక్కన గట్టు మీద పెట్టాను. అది చూడకుండానే తీసుకుంది. తీసుకుని, మూకుట్లో వెయ్యబోయి ఆగింది.

"అమ్మా, గార్డెన్ అంకుల్‌కి మిరపకాయలు ఇచ్చా అన్నావు కదా. ఎలా ఇచ్చావు?"

"ఎలా ఇవ్వడమేమిటే, బెంచీ మీద పెట్టాను."

"ఆయన చెయ్యి చాపాడా?"

"చాపారు."

అది స్టవ్ ఆపేసింది. చేతిలోని మిరపకాయలు మళ్లీ గట్టు మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "నీకు అది ఫైట్ రాకుండా చేసేది. ఆయనకి అది ఎలా తెలుస్తుంది? ఆయన ఇక్కడి ఓల్డ్ బ్లాక్ మ్యాన్, అమ్మా. చెయ్యి చాపితే నువ్వు టచ్ చెయ్యకుండా కింద పెట్టావు. ఆయనకి అది ఒకటే మీనింగ్."

నేను అరిచాను. నా ఉద్దేశం అది కాదని, నా బుర్రలో అలాంటిది లేదని, ఈ దేశంలో చెయ్యి కదిపితే ఒక అర్థం, కాలు కదిపితే ఒక అర్థమని, నేను ఎవరింట్లో పుట్టి ఎలా పెరిగానో ప్రతివాడికీ ముందు చెప్పుకుని ఆ తర్వాత మిరపకాయలివ్వాలా అని. అది విని, ఆయన దగ్గరికెళ్లి ఇదంతా చెప్పు, నాకు కాదు అంది. పప్పులో తాలింపు లేకుండానే ఆ పూట భోజనాలయ్యాయి.

చెప్పడం పెద్ద పని కాదనే అనుకున్నాను. మాకు ఓ ఆచారం ఉంది, మీతో పోట్లాట రాకూడదనే అలా చేశాను అంటే అయిపోతుంది, పైగా ముచ్చటగా కూడా ఉంటుంది. గిన్నెలు కడుగుతూ ఆ మాటలు ఇంగ్లీషులో కూర్చుకున్నాను. కూర్చుకుంటుంటే ఇంకో చెయ్యి గుర్తొచ్చి నా నోరు ఆగిపోయింది. అది మా నాయనమ్మ చెయ్యి.

మా ఊళ్లో బ్యారన్లలో ఒకటి మాదే. మేం ఆకు కట్టలేదు. కట్టడానికి ఊరి అవతల పేట నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. మధ్యాహ్నం వాళ్లు మా పెరటి గుమ్మం దగ్గర కూర్చుని, తెచ్చుకున్న అన్నంలోకి రెండు మిరపకాయలు, కాస్త ఉప్పు అడిగేవాళ్లు. నాయనమ్మ వంగేది కాదు. గుమ్మంలో నిలబడి పైనుంచి వాళ్ల చేతుల్లోకి జారవిడిచేది, లేకపోతే అరుగు మీద పెట్టేది. మజ్జిగ కూడా పైనుంచే పోసేది, వాళ్లు దోసిలి పట్టి తాగేవాళ్లు. వాళ్లకి మిరపకాయలు అలా ఇచ్చింది పోట్లాటొస్తుందని కాదు. అది అంటరానితనం. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు, చెయ్యి మాత్రం రోజూ అనేది. మా అమ్మ నాకు మిరపకాయలు అరుగు మీద పెట్టినప్పుడూ, నాయనమ్మ వాళ్లకి పెట్టినప్పుడూ అరుగు అదే. పక్కన నిలబడి చూసే పిల్లకి ఏది ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పలేదు. మరి నా చెయ్యి ఏది నేర్చుకుందో నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ ఆలోచన వచ్చాక నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, పడుకుంటే పడుకోబుద్ధి కాలేదు. మాకు ఓ ఆచారం ఉంది అని ఆయనకి సగం చెప్పి, సగం మింగి, మళ్లీ ఆ చెక్క మీద ఆయన పక్కన కూర్చుని కాఫీ తాగగలనా? తాగగలను. అదే నన్ను భయపెట్టింది. ఎవరికీ తెలియదు. మా అమ్మాయికి కూడా ఈ సంగతి చెప్పలేదు నేను.

అమ్మాయి వెళ్లిపోయిన మర్నాడు గార్డెన్‌కి వెళ్లాను. పెద్దాయన ఎండిపోయిన టొమాటో మొక్కలు పీకుతున్నారు. గుడ్ మార్నింగ్ మేమ్ అన్నారు. నేను గట్టు మీద నిలబడ్డాను. కూర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది. మిరపకాయలు చేతికిస్తే మాలో పోట్లాటొస్తుందంటారు, అందుకని కింద పెడతాం, మా అమ్మాయికీ మా ఆయనకీ కూడా అలాగే ఇస్తాను, మీరు చెయ్యి చాపారని చూసి కూడా నా చెయ్యి అలవాటు కొద్దీ పక్కకెళ్లింది, తప్పయింది అని ముక్కలు ముక్కలుగా చెప్పాను.

ఆయన పీకడం ఆపి నడుం నిటారు చేశారు. "అయితే నాతో పోట్లాట రాకూడదని అలా పెట్టావు" అన్నారు. చెక్క మీద ఎండిపోయిన కాయల వైపు చూశారు. "బాగానే పనిచేసింది."

అది నవ్వో ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు. ఆయన మళ్లీ వంగి, మొక్క పట్టుకుని, నా వైపు చూడకుండానే మాట్లాడారు. చిన్నప్పుడు వాళ్లమ్మతో ఊళ్లోకి వెళ్తే, తెల్లవాడైన అంగడివాడు చిల్లర ఆమె చేతిలో పెట్టకుండా బల్ల మీదికి తోసేవాడట. ఆమె చెయ్యి చాపి ఉన్నా సరే. ఒక్కో నాణెం గోటితో లేపి తీసుకునేదట. ఆమె ఒక్కమాట అనేది కాదు, ఇంటికొచ్చేదాకా ఈయన చెయ్యి వదిలేది కాదు. నీ గురించి అలా అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే రావడం మానేశాను అన్నారు.

అక్కడితో ఆగిపోవచ్చు. ఆయన సగం క్షమించేశారు, అది తెలుస్తూనే ఉంది. నా కాళ్లు కారు వైపు లాగుతున్నాయి. నిలబడ్డాను.

"ఒకసారి మీరు అడిగారు, మీవాళ్లూ ఆకు కట్టారా అని" అన్నాను. "కట్టలేదు. బ్యారన్ మాది. కట్టేవాళ్లు వేరే. వాళ్లు చెయ్యి చాపితే మా నాయనమ్మ పైనుంచి వేసేది, తగలకుండా. అది పోట్లాట రాకూడదని కాదు. నేను పక్కనే ఉండి చూసేదాన్ని."

ఆయన చేతిలో మొక్క అలాగే ఉండిపోయింది. "ఆ సంగతి నేను ఆలోచించాలి" అన్నారు. సరేనన్నాను.

నా మడిలోకెళ్లి పండు మిరపకాయలు కోశాను. గట్టు దగ్గరికొచ్చి చెయ్యి ముందుకి చాపాను, కాయలు అరచేతిలోనే పెట్టుకుని. ఆయన చూస్తూ ఉండిపోయారు. తీసుకోరేమో అనుకున్నాను, తీసుకోకపోయినా ఈసారి కారణం తెలుసు. అప్పుడు మొక్క పక్కన పడేసి, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, నా చేతి కింద పెట్టారు. కాయల్ని ఆయన చేతిలోకి వంచాను. ఆయన వేళ్లు గరుగ్గా, వెచ్చగా ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగాక మిరపకాయలు ఒకరి చేతిలో పెట్టడం నాకదే మొదలు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో కూడా భయమేసింది, పోట్లాటొస్తుందేమోనని.

వచ్చింది. మర్నాడు పొద్దున పాత వేళకి వెళ్లేసరికి పెద్దాయన గట్టు మీద నిలబడి ఉన్నారు, థెర్మాస్ చేతిలో ఉంది, ముఖం చిటపటలాడుతోంది. ఆ బీరపాదు ఎందుకు నరికావని అడిగారు. దాని నీడ చూసుకునే, పందిరి పక్కన కాలర్డ్ ఆకుకూర నారు పోశారట. శీతాకాలానికి ఆయన కూర అదే. నేను పందిరి పీకిన మర్నాటి నుంచి ఎండ నేరుగా తగిలి నారు సగం మాడిపోయింది. చూపించారు కూడా. నిజంగానే మాడింది.

మరి అప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను. నరికేముందు నువ్వు అడగొచ్చు కదా అన్నారు. మీరు మాట్లాడితే కదా నేను అడిగేది అన్నాను. కాయలు కాస్తున్న పాదుని బుద్ధున్నవాళ్లెవరైనా నరుకుతారా అన్నారు. పక్కవాళ్ల తోటకూర బుద్ధున్నవాళ్లెవరైనా పీకుతారా అన్నాను. నా గొంతు ఎంత పెద్దదో ఆ గార్డెన్ మొత్తానికి ఆ రోజే తెలిసింది. దూరపు మళ్లవాళ్లు తలెత్తి చూశారు. ఆయనా తగ్గలేదు. బస్సు నిండా పిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు అది. మా నాయనమ్మ ఎన్ని విషయాల్లో తప్పో గానీ, మిరపకాయల విషయంలో మాత్రం చెప్పింది చెప్పినట్టు జరిగింది.

అరిచి అరిచి ఇద్దరికీ ఆయాసమొచ్చింది. ఆయన చెక్క మీద కూలబడి, థెర్మాస్ మూత తిప్పారు. ఎండిపోయిన పాత కాయలు అక్కడ లేవు. వాటినీ తీసుకెళ్లి కొత్తవాటితో కలిపి వెనిగర్‌లో వేశారట.

"నిన్న చెప్పావే, ఆ రెండో సంగతి" అన్నారు, కప్పులోకి చూస్తూ. "ఇంకా ఆలోచిస్తున్నాను, నెయిబర్."

"ఆలోచించండి" అన్నాను.

ఆయన కాస్త పక్కకి జరిగి, చెక్క మీద చేత్తో తట్టారు. కూర్చున్నాను. ట్యూబులోంచి నీళ్లు పొర్లి గట్టు మీదికొచ్చాయి, మా కాళ్ల కింద మట్టి ఎర్రగా నానింది. ఆయన లేచేదాకా నేనూ లేవలేదు.